పేరెంటల్ కంట్రోల్ ఫిల్టర్లకు అర్థమయ్యేలా మీ వెబ్‌సైట్‌కి లేబుల్ వేయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

వైజాగ్‌లో చిన్న సైట్లు నడిపేవాళ్లు నన్ను అడిగేవి రెండే రెండు. ఒకటి: "మా సైట్లో పెద్దల కథలున్నాయి, పిల్లల ఫోన్లలో తెరుచుకోకుండా ఏం చేయాలి?" రెండోది దానికి పూర్తిగా ఉల్టా: "మాది మహారాణిపేటలో గైనకాలజీ క్లినిక్. స్కూలు వైఫైలో మా సైటు తెరిస్తే బూతు సైటని బ్లాక్ అయిపోతోంది, ఏటిది?"

రెండింటికీ పని ఒక్కటే. ఏ పేజీ ఎవరి కోసమో ఫిల్టరు చూసే చోట, అది చదవగలిగే రూపంలో చెప్పాలి. లేబుల్ గోడ కాదు. అది మీరిచ్చే సమాచారం మాత్రమే, ఆపే పని ఫిల్టరుది. అందుకే తప్పు చోట పెట్టిన లేబుల్ ఉన్నా లేనట్టే. అక్కర్లేని పేజీకి పెట్టిన లేబులైతే మీ సైటునే ముంచుతుంది.

ఒక మాట ముందే చెప్తాను. ఇక్కడ కోడ్‌ని చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో రాశాను. మీ ఫైల్లో మాత్రం అదే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ఇక్కడి నుంచి కాపీ చేసి అతికిస్తే పని చేయదు.

## 1. అసలు మీ సైటుకి లేబుల్ కావాలా?

మొదట ఇది తేల్చుకోండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

లేబుల్ కావాల్సినవి

- నగ్న చిత్రాలు, శృంగార దృశ్యాలున్న ఫొటోలు, వీడియోలు
- సెక్స్‌ని విడమరిచి చెప్పే కథలు, సీరియళ్లు
- రక్తపాతం, ఛిద్రమైన శరీరాలు చూపించే చిత్రాలు
- ఇలాంటి పేజీలకు లింకులిచ్చే జాబితా పేజీలు

లేబుల్ వేయకూడనివి

- గర్భం, రుతుస్రావం, తల్లిపాలు, గర్భనిరోధకాల గురించి చెప్పే వైద్య పేజీలు
- లైంగిక విద్య, గుడ్ టచ్ బ్యాడ్ టచ్ పాఠాలు
- లోదుస్తులు, నైటీలు అమ్మే షాపు సైట్లు
- బీచ్ రోడ్డు రిసార్టు బార్ మెనూ, వైన్ షాపు పేజీ

బార్ పేజీ పిల్లలకు కాదు కదా అని మీకనిపించవచ్చు. నిజమే, కానీ ఫిల్టర్లలో మద్యానికి వేరే వర్గం ఉంటుంది. ఉదాహరణకు ఫోర్టీగార్డ్ అనే ఫిల్టరు సర్వీసు జాబితాలో ఆల్కహాల్, లింజరీ అండ్ స్విమ్‌సూట్, సెక్స్ ఎడ్యుకేషన్, పోర్నోగ్రఫీ అన్నీ విడివిడి వర్గాలు. ఏది ఆపాలో, ఏది వదలాలో స్కూలో, తల్లిదండ్రులో ఎంచుకుంటారు. మీరు వాటన్నిటికీ "అడల్ట్" ముద్ర కొడితే నైటీల షాపు కూడా పోర్న్ సైట్ల పక్కకి చేరుతుంది. ఎందుకైనా మంచిదని వేసే లేబులంత చేటు ఇంకోటి లేదు.

చట్టం మాట. లేబుల్ వేస్తే చట్టవిరుద్ధమైనది చట్టబద్ధం అయిపోదు. అశ్లీల సమాచారం ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడం ఐటీ చట్టం, 2000లోని సెక్షన్ 67 కింద నేరం. లైంగిక చర్యల్ని బాహాటంగా చూపేవి 67ఎ కిందకి వస్తాయి. పిల్లలను అలా చూపించేవి 67బి కిందకి. ఈ చివరి రకానికి లేబుల్ అన్న ప్రశ్నే లేదు. మీ సైట్లో ఎవరైనా అలాంటిది అప్‌లోడ్ చేసినట్టు తెలిస్తే వెంటనే అందరికీ కనపడకుండా ఆపి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయాలి. సందేహం ఉంటే డెవలపర్‌ని కాదు, లాయర్‌ని అడగండి.

సొంత సైట్లో వెబ్ సిరీస్ పెట్టేవాళ్లకు 2021 ఐటీ నిబంధనలు ఉన్నాయి. యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని అయిదు వర్గాలు. యూ/ఏ 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ లాంటి ఏర్పాటు ఉండాలి, ఏ వర్గానికి వయసు నిర్ధారణ కూడా ఉండాలి. అది ఇక్కడ చెప్పబోయే మెటా ట్యాగులతో (పేజీ కోడ్‌లో పెట్టే, చదివేవాళ్లకు కనపడని గుర్తులతో) తీరే పని కాదు.

## 2. ఏ ఫిల్టరు ఏం చూస్తుందో తెలుసుకోండి

ఈ భాగం దాటేసి నేరుగా కోడ్‌కి వెళ్లకండి. "ట్యాగ్ పెట్టాను, అయినా మా అబ్బాయి ఫోన్లో తెరుచుకుంటోంది" అనేవాళ్ల సమస్య నూటికి తొంభై వంతులు ఇక్కడే ఉంటుంది.

డీఎన్‌ఎస్ ఫిల్టర్లు. సైటు పేరుని దాని నంబరు అడ్రసుగా మార్చి చెప్పే సర్వీసే డీఎన్‌ఎస్. ఇంట్లో రౌటర్లో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.3, ఓపెన్‌డీఎన్‌ఎస్ వాళ్ల 208.67.222.123 లాంటి అడ్రసు పెట్టుకుంటే వచ్చేది ఇదే. దీనికి మీ డొమైన్ పేరు ఒక్కటే కనిపిస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు బోర్డు చూసి గాజువాక వెళ్తుందని చెప్పడం లాంటిది, లోపల ఎవరు కూర్చున్నారో దానికి తెలీదు. పేజీలో మీరు పెట్టిన ట్యాగ్‌ని అది చదవదు. మీ డొమైన్‌ని ఎవరో ముందే ఒక వర్గంలో వేసి ఉంటే ఆ జాబితా ప్రకారమే ఆపుతుంది.

స్కూలు, కాలేజీ, ఆఫీసు ఫైర్‌వాల్. ఇది కూడా ఎక్కువగా వర్గాల జాబితా మీదే నడుస్తుంది. హెచ్‌టీటీపీఎస్ సైట్లలో దానికి మామూలుగా కనిపించేది డొమైన్ పేరు వరకే. ఆ ట్రాఫిక్‌ని విప్పి చూసే ఏర్పాటు ఆ సంస్థ ప్రత్యేకంగా పెట్టుకుంటే తప్ప లోపలి పేజీ కనపడదు.

ఫోన్లో, కంప్యూటర్లో ఉండే ఫిల్టర్లు. ఐఫోన్ స్క్రీన్ టైమ్, గూగుల్ ఫ్యామిలీ లింక్, మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ, ఇంకా కొనుక్కునే పేరెంటల్ కంట్రోల్ యాప్‌లు. వీటిలో కొన్ని పేజీ లోపలికి వెళ్లి చూడగలవు. లేబుల్ నేరుగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

సెర్చ్. గూగుల్ సేఫ్‌సెర్చ్ (పెద్దల ఫలితాలను వడకట్టే సెట్టింగు) మీ పేజీని క్రాల్ చేసి, అంటే తన ప్రోగ్రాముతో తెరిచి, ట్యాగ్ చదివి, ఫిల్టర్ ఆన్ చేసినవాళ్లకు ఆ పేజీ చూపించడం మానేస్తుంది. 18 ఏళ్ల లోపు అని నమోదైన ఖాతాలకు ఆ ఫిల్టరు ముందు నుంచే ఆన్‌లో ఉంటుంది. చిన్న సైట్లకు జనం ఎక్కువగా సెర్చ్ నుంచే వస్తారు కాబట్టి, నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం.

యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్. వీటికి మీ సైటు ట్యాగులతో సంబంధం లేదు. అక్కడ పెట్టే వీడియోకి అక్కడి వయసు సెట్టింగే మార్చుకోవాలి.

## 3. ముందస్తు ఏర్పాటు

ఒక ఎక్సెల్ షీటు తెరవండి. నాలుగు కాలమ్‌లు: పేజీ అడ్రసు, అందులో ఏముంది, లేబుల్ కావాలా వద్దా, ప్రస్తుతం ఏ ఫోల్డరులో ఉంది.

పేజీలంటే మనకు తెలిసిన పోస్టులు మాత్రమే కాదు. ఇవి కూడా రాసుకోండి:

- హోమ్ పేజీ
- కేటగిరీ, ట్యాగ్, నెలవారీ జాబితా పేజీలు
- సైట్లో వెతికితే వచ్చే ఫలితాల పేజీ
- ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్
- ఫొటోలు, పీడీఎఫ్‌లు, వీడియో ఫైళ్లు
- కామెంట్లు, యూజర్లు రాసే ఫోరమ్ పేజీలు
- మొబైల్ కోసం విడిగా పెట్టిన పాత వెర్షన్ ఏదైనా ఉంటే అది

హోమ్ పేజీ దగ్గర ఆగి చూడండి. "తాజా పోస్టులు" డబ్బాలో పెద్దల కథ మొదటి నాలుగు లైన్లు, బొమ్మతో సహా కనిపిస్తుంటాయి. కథ పేజీకి లేబుల్ ఉంటుంది, హోమ్ పేజీకి ఉండదు. పిల్లాడికి ఆ నాలుగు లైన్లు చాలు! తాజా పోస్టుల జాబితా నుంచి ఆ కేటగిరీని తీసేయడమే దీనికి సరైన దారి. హోమ్ పేజీకే లేబుల్ వేయడం కాదు.

తర్వాత బ్యాకప్. ఫైళ్లు, డేటాబేస్ రెండూ. హోస్టింగ్ వాళ్లే తీస్తారులే అని ఊరుకోకండి, ఒక కాపీ దించుకుని మీ దగ్గర పెట్టుకోండి.

## 4. పెద్దల సరుకును వేరు చేయండి

లేబుల్‌కి ముందు చేయాల్సిన పని ఇది. అన్నీ కలిసి ఉన్న సైటుని ఫిల్టర్లు మొత్తంగానే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. పెద్దల పేజీలను వేరే చోట పెట్టమని గూగుల్ కూడా చెబుతుంది.

మూడు దారులున్నాయి.

వేరే డొమైన్. పెద్దల కథలు సైట్లో సగానికి పైగా ఉంటే ఇదే మేలు. డీఎన్‌ఎస్ ఫిల్టరుకి కూడా తేడా స్పష్టంగా తెలుస్తుంది.

సబ్‌డొమైన్. మీ డొమైన్ ముందు "అడల్ట్ డాట్" లాంటిది చేర్చడం. విడిగా వర్గీకరించే వీలుంటుంది, ఖర్చు పెద్దగా ఉండదు. చాలామందికి నేను చెప్పేది ఇదే.

ఫోల్డరు. సెర్చ్‌కి, పేజీ చదవగల ఫిల్టర్లకి సరిపోతుంది. డీఎన్‌ఎస్ ఫిల్టరుకి మాత్రం ఇది కనపడదు.

పేజీలు మార్చాక పాత అడ్రసు నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా మళ్లించే ఏర్పాటు) పెట్టండి. సైట్‌మ్యాప్ (సెర్చ్ కోసం ఇచ్చే పేజీల జాబితా ఫైలు) మార్చండి. లోపలి లింకులు సరిచూడండి. ఈ మూడింటిలో ఏది వదిలేసినా పాత అడ్రసులు గూగుల్లో చాలాకాలం వేలాడతాయి.

## 5. పేజీకి ట్యాగ్ వేయండి

ట్యాగ్ రెండు రకాలు. ఒకటి గూగుల్ చదివే మామూలు రూపం:

<మెటా నేమ్="రేటింగ్" కంటెంట్="అడల్ట్">

రెండోది ఆర్‌టీఏ లేబుల్. పెద్దలకు మాత్రమే అని చెప్పే ఈ గుర్తుని ఏఎస్‌ఏసీపీ అనే సంస్థ తయారు చేసింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ప్రతి సైటుకీ అదే నంబరు:

<మెటా నేమ్="రేటింగ్" కంటెంట్="ఆర్‌టీఏ-5042-1996-1400-1577-ఆర్‌టీఏ">

మొదటి ట్యాగులో మాటలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు. రెండోదాంట్లో ఆర్, టీ, ఏ పెద్దక్షరాలు, మధ్యలో మామూలు హైఫన్లు, ఎక్కడా ఖాళీ వదలకూడదు. గూగుల్ రెండింటినీ గుర్తిస్తుంది. పేరెంటల్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్లకు ఆర్‌టీఏ ఎక్కువ పరిచయం. ఒక్కటే వేయాలంటే ఆర్‌టీఏ వేయండి.

ట్యాగ్ ఉండాల్సింది పేజీ హెడ్ భాగంలో, మూసే హెడ్ ట్యాగుకి ముందు. పోస్టు రాసే డబ్బాలో పెడితే అది బాడీలోకి వెళ్తుంది, లెక్కలోకి రాదు.

వర్డ్‌ప్రెస్ అయితే: థీమ్‌లోని హెడర్ ఫైలుని నేరుగా మార్చకండి, థీమ్ అప్‌డేట్ అయిన రోజు మీ ట్యాగ్ పోతుంది. చైల్డ్ థీమ్‌లోనో, కోడ్ స్నిపెట్ ప్లగిన్‌లోనో పెట్టండి. పెద్దల కేటగిరీకి చెందిన పోస్టులకే ట్యాగ్ రావాలన్న షరతు తప్పనిసరి. ఒక్కో పోస్టుకి "ఇన్ కేటగిరీ" ఫంక్షన్, ఆ కేటగిరీ జాబితా పేజీకి "ఈజ్ కేటగిరీ" ఫంక్షన్ (రెండింటిలోనూ మాటల మధ్య ఖాళీ కాదు, అండర్‌స్కోర్). రెండూ కావాలి. మొదటిది పెట్టి రెండోది మర్చిపోయిన సైట్లు కోకొల్లలు.

బ్లాగర్ అయితే: సెట్టింగుల్లో పెద్దల కంటెంట్ అన్న మీట ఉంటుంది. అది ఆన్ చేస్తే చదివేవాళ్లకు ముందుగా హెచ్చరిక వస్తుంది. కానీ మొత్తం బ్లాగుకి వర్తిస్తుంది కాబట్టి పిల్లల కథలూ పెద్దల కథలూ ఒకే బ్లాగులో పెట్టుకోకండి.

చేత్తో రాసిన సైటైతే: ఒక్కో పేజీలో అతికించే బదులు పెద్దల పేజీలన్నిటికీ ఒక ఉమ్మడి హెడర్ ఫైలు పెట్టుకోండి.

## 6. ఫొటోలు, పీడీఎఫ్‌లు, వీడియో ఫైళ్ల సంగతి

జేపీజీ ఫైల్లోకి మెటా ట్యాగ్ ఎక్కించలేం. దాని అడ్రసు నేరుగా తెరిస్తే లేబుల్ లేకుండా వచ్చేస్తుంది. అందుకని సర్వర్ పంపే హెచ్‌టీటీపీ హెడర్లో చెప్పాలి: పేరు "రేటింగ్", విలువ "అడల్ట్" లేదా పైన చెప్పిన ఆర్‌టీఏ నంబరు.

అపాచీ, లైట్‌స్పీడ్ హోస్టింగ్: ఆ ఫైళ్లున్న ఫోల్డరులో "డాట్ హెచ్‌టీయాక్సెస్" ఫైలు పెట్టి, అందులో "హెడర్ సెట్ రేటింగ్" అని రాసి, తర్వాత కోట్స్‌లో విలువ ఇవ్వాలి. ఆ ఫోల్డరుకీ, దాని లోపలి ఫోల్డర్లకీ మాత్రమే పడుతుంది.

వర్డ్‌ప్రెస్‌లో ఇక్కడ ఒక చిక్కు ఉంది. పోస్టుల అడ్రసుల్లో కనిపించే ఫోల్డర్లు నిజం ఫోల్డర్లు కావు, కాబట్టి వాటికి ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ మెటా ట్యాగే గతి. ఇక ఫొటోలు నిజం ఫోల్డర్లలోనే ఉంటాయి గానీ, సంవత్సరం, నెల ప్రకారం అన్నీ కలిసిపోయి ఉంటాయి. అరకు ట్రిప్పు ఫొటో, పెద్దల కథ బొమ్మ ఒకే చోట! పెద్దల బొమ్మలకు అప్‌లోడ్స్‌లో వేరే ఫోల్డరు చేసుకుంటే తప్ప హెడర్ సరిగ్గా వేయలేరు.

ఎన్‌జింక్స్: సంబంధిత లొకేషన్ బ్లాకులో "యాడ్ హెడర్" (మధ్యలో అండర్‌స్కోర్) వాడాలి. చివర "ఆల్వేస్" అని చేర్చండి. ఇంకో సంగతి: లోపలి బ్లాకులో ఏదైనా ఒక్క యాడ్ హెడర్ ఉన్నా, బయటి బ్లాకులో రాసినవేవీ లోపలికి దిగవు. సెక్యూరిటీ కోసం ఎవరో ఇంకో హెడర్ చేర్చగానే మీ రేటింగ్ మాయమయ్యేది ఇందుకే.

వీడియో సైట్‌మ్యాప్ వాడేవాళ్లు అందులోని "ఫ్యామిలీ ఫ్రెండ్లీ" (మధ్యలో అండర్‌స్కోర్) దగ్గర "నో" అని ఇవ్వాలి. వీడియో ఫైళ్లను గూగుల్ తెరిచి చూడకుండా అడ్డుపెట్టకండి.

వాట్సాప్ ప్రివ్యూ. లింకు షేర్ చేస్తే వచ్చే చిన్న బొమ్మకి ఏ లేబులూ అడ్డు కాదు. ఫ్యామిలీ గ్రూపులో పొరపాటున లింకు పడితే బొమ్మతో సహా అందరికీ కనిపిస్తుంది. పెద్దల పేజీలన్నిటికీ ఓపెన్ గ్రాఫ్ బొమ్మగా (ప్రివ్యూ కోసం పేజీ కోడ్‌లో చెప్పే బొమ్మగా) సైటు లోగో పెట్టండి, వివరణలో కథ వాక్యాలు కాకుండా మామూలు మాటలు పెట్టండి. అయిదు నిమిషాల పని, ఎన్నో టెన్షన్లు తప్పుతాయి.

## 7. "మీకు 18 నిండాయా?" పేజీ

ఇది లేబుల్‌కి బదులు కాదు. పన్నెండేళ్ల పిల్లాడు కూడా "అవును" నొక్కగలడు. అయినా పెట్టాలనుకుంటే పద్ధతిగా పెట్టండి.

- గేటు దగ్గరే క్రాలర్ ఆగిపోతే లోపలి లేబుల్ దానికి కనిపించదు. నిజమైన గూగుల్‌బాట్ (గూగుల్ వాళ్ల క్రాలర్) అని నిర్ధారించుకుని దాన్ని గేటు లేకుండా వెళ్లనివ్వాలి.
- కుకీ ఉందా లేదా అన్న దానితో సంబంధం లేకుండా రేటింగ్ హెడర్ ప్రతిసారీ వెళ్లాలి.
- గేటు పేజీ వెనక మసకగా అసలు బొమ్మ పెట్టకండి. చాలా సైట్లలో కనిపించే తెలివితక్కువ అలంకారం ఇది.
- పుట్టినతేదీ, ఆధార్ లాంటివి అడిగి దాచుకోకండి. ఆ సమాచారం కాపాడే బాధ్యత కూడా మీ నెత్తిన పడుతుంది.

## 8. లేబుల్ నిజంగా వెళ్తోందా? పరీక్ష

పెట్టేశాం అనుకోవడం వేరు, బయటికి వెళ్లడం వేరు. ఈ వరసలో చూడండి.

1. క్యాష్ ప్లగిన్, సీడీఎన్ (మీ సైటు కాపీలను వేరే సర్వర్ల నుంచి అందించే సర్వీసు) రెండింటి క్యాష్ ఖాళీ చేయండి.
2. ఇన్‌కాగ్నిటో విండోలో, లాగిన్ లేకుండా పేజీ తెరవండి.
3. కంట్రోల్ యూ నొక్కి పేజీ సోర్స్ చూడండి. "రేటింగ్" అని వెతకండి. ఇన్‌స్పెక్ట్‌లో చూడకండి, అక్కడ జావాస్క్రిప్ట్ చేర్చినవి కూడా కనిపించి మోసం చేస్తాయి.
4. ట్యాగ్ మూసే హెడ్‌కి ముందుందో లేదో చూడండి.
5. ఫొటోలకు కమాండ్ ప్రాంప్ట్‌లో "కర్ల్", తర్వాత హైఫన్ పెద్దక్షరం ఐ, తర్వాత ఫైలు అడ్రసు. వచ్చిన హెడర్లలో రేటింగ్ ఉండాలి.
6. లేబుల్ ఉండకూడని రెండు పేజీలు కూడా ఇలాగే చూడండి. అందరూ మర్చిపోయే మెట్టు ఇదే.
7. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ చేసి, క్రాల్ అయిన పేజీలో ట్యాగ్ ఉందో చూడండి.
8. కొన్ని వారాల తర్వాత సేఫ్‌సెర్చ్‌ని "ఫిల్టర్"లో పెట్టి, గూగుల్లో "సైట్", కోలన్, మీ డొమైన్ కొట్టండి. మామూలు పేజీలు కనిపించాలి, పెద్దలవి కనిపించకూడదు. ఏవీ రాకపోతే సైటు మొత్తాన్ని ఫిల్టర్ చేస్తున్నట్టు అనుమానించాలి.

ఇంట్లో ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ప్రైవేట్ డీఎన్‌ఎస్ సెట్టింగులో "ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ హైఫన్ డీఎన్‌ఎస్ డాట్ కామ్" అని ఇంగ్లిష్‌లో ఇచ్చి చూడండి. పెద్దల సబ్‌డొమైన్ తెరుచుకుంటే మీ ట్యాగ్ తప్పని కాదు, ఆ డొమైన్ ఇంకా వర్గీకరణలోకి రాలేదని అర్థం. దానికి మందు తొమ్మిదో మెట్టులో ఉంది.

## 9. వర్గం మార్చమని అడగడం

ఇది రెండు రకాల వాళ్లకీ పనికొస్తుంది: పెద్దల డొమైన్‌ని సరైన వర్గంలో వేయించాలనుకునేవాళ్లకీ, క్లినిక్ సైటుని అందులోంచి బయటికి తీయించాలనుకునేవాళ్లకీ.

ముందు ఏ ఫిల్టరు ఆపుతోందో కనుక్కోండి. బ్లాక్ అయినప్పుడు వచ్చే పేజీని స్క్రీన్‌షాట్ తీయమనండి. చాలాసార్లు అందులోనే కంపెనీ పేరు, వర్గం పేరు ఉంటాయి. ఆ స్క్రీన్‌షాట్ లేకుండా గుడ్డిగా అందరికీ రాస్తే ఉపయోగం ఉండదు.

ఫోర్టీగార్డ్, సిస్కో టాలోస్, బ్రాడ్‌కామ్ సైట్ రివ్యూ, క్లౌడ్‌ఫ్లేర్ రాడార్: ఈ నాలుగింటిలో మీ డొమైన్ ఏ వర్గంలో ఉందో చూసుకోవచ్చు, తప్పైతే మార్చమని అడగవచ్చు. ఏ వర్గం కావాలో మీరే ఎంచి చెప్పండి. గైనకాలజీ క్లినిక్‌కి ఆరోగ్యం వర్గం, పాఠాల సైటుకి లైంగిక విద్య వర్గం.

పరిశీలించేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. అందుకని "మా గురించి" పేజీలో రెండు మూడు వాక్యాలు ఇంగ్లిష్‌లోనూ రాయండి: ఇది విశాఖపట్నంలోని క్లినిక్, ఇందులో వైద్య సమాచారం మాత్రమే ఉంది అని. ఫలానా పేజీ ఎందుకు వైద్య సంబంధమైందో అభ్యర్థనలో ఒక్క లైను చాలు. కోపంగా పేరాలకు పేరాలు రాయక్కర్లేదు.

అడిగే ముందు చూసుకోండి

- గూగుల్లో సైట్ కోలన్ కొడితే మీరు రాయని పేజీలేమైనా వస్తున్నాయా? క్యాసినో, మందులు, బూతు, జపనీస్ అక్షరాలు కనిపిస్తే సైటు హ్యాక్ అయినట్టే. ముందు అది శుభ్రం చేయాలి.
- డొమైన్ ఇంతకుముందు ఇంకెవరిదైనా? గడువు తీరిన డొమైన్ చవగ్గా కొన్నప్పుడు దాని పాత పేరు కూడా మీకే వస్తుంది.
- కామెంట్లలో చెత్త లింకులున్నాయా?
- ప్రకటనల నెట్‌వర్క్ అసభ్య ప్రకటనలు చూపిస్తోందా?

గూగుల్ సేఫ్‌సెర్చ్ విషయంలో మార్పులు చేశాక రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఆ తర్వాత కూడా మారకపోతేనే సమీక్షకు అడగండి. రోజూ ఏదో ఒకటి మారుస్తూ కూర్చుంటే ఏది పనిచేసిందో మీకే తెలీదు.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

ట్యాగ్ ఉంది, ఎవరూ చదవడం లేదు. కోట్స్ చూడండి. ఐఫోన్లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపించిన కోడ్‌లో నిటారు కోట్స్ బదులు వంపు కోట్స్ వస్తాయి. కంటికి తేడా దాదాపు తెలీదు, బ్రౌజర్‌కి మాత్రం అది వేరే పేరు. నోట్‌ప్యాడ్‌లో చెరిపి మళ్లీ కొట్టండి.

రోబోట్స్ ఫైల్లో (క్రాలర్లు ఎక్కడికి రాకూడదో చెప్పే ఫైలు) పెద్దల ఫోల్డరుని మూసేశారు. మంచి పనే చేశామనుకుంటారు. క్రాల్ చేయనివ్వకపోతే లేబుల్ చదివేదెలా? పేజీ లోపలికి వెళ్లకుండానే అడ్రసు మాత్రం సెర్చ్‌లో కనిపించే అవకాశం ఉంటుంది. ఆ అడ్డు తీసేయండి. సెర్చ్‌లో అసలే వద్దనుకుంటే నోఇండెక్స్ (సెర్చ్‌లో చూపొద్దని చెప్పే ట్యాగ్) వేయండి, దానికి కూడా క్రాల్ తెరిచే ఉండాలి.

ట్యాగ్ మేనేజర్ (జావాస్క్రిప్ట్‌తో పేజీకి ట్యాగులు చేర్చే టూల్) ద్వారా పెట్టారు. జావాస్క్రిప్ట్ నడిపించని ఫిల్టరుకి అది కనపడదు. సర్వర్ పంపే అసలు పేజీలోనే ఉంచండి.

సైటు మొత్తానికి పడిపోయింది. ఎస్‌ఈఓ ప్లగిన్‌లోని అన్ని పేజీల హెడర్ డబ్బాలో అతికించి ఉంటారు. తీసేసి, షరతుతో పెట్టండి. క్యాష్ ఖాళీ చేశాక ఎనిమిదో మెట్టులోని ఆరో పరీక్ష మళ్లీ చేయండి.

పాత ఐసీఆర్‌ఏ, పిక్స్ లేబుల్ (ఒకప్పటి రేటింగ్ పద్ధతులు) ఇంకా ఉంది. ఏనాడో డిజైన్ చేసిన సైట్లలో దొరుకుతుంది. ఇప్పుడు దాని అవసరం లేదు, తీసేయండి.

కొత్త పోస్టుకి కేటగిరీ పెట్టడం మర్చిపోయారు. షరతు కేటగిరీ మీదే ఆధారపడింది కాబట్టి లేబుల్ రాదు. సైటుకి రాసేవాళ్లు నలుగురైదుగురు ఉంటే, పబ్లిష్ బటన్ ఒక్కరి చేతిలోనే ఉంచండి.

స్కూలు వైఫైలో ఒక్కచోటే తెరుచుకోవడం లేదు, మిగతా అంతటా బాగానే ఉంది. వర్గం సరిగ్గానే ఉందని తేలితే, అది ఆ స్కూలు పెట్టుకున్న సొంత నియమం. కంప్యూటర్ ల్యాబ్ చూసే సార్‌కి డొమైన్ పేరు, బ్లాక్ పేజీ స్క్రీన్‌షాట్, ఫిల్టరు కంపెనీ చూపిస్తున్న వర్గం, ఈ మూడూ ఒకే మెయిల్లో పంపి అనుమతించే జాబితాలో చేర్చమని అడగండి. చేర్చాలా వద్దా అన్నది వాళ్లిష్టం. వద్దంటే సైట్లో ఇంకేమీ మార్చకండి.